ఐసోలేషన్ గదికి యూవీ లైటా, ఎగ్జాస్ట్ ఫ్యానా, హెపా మెషినా? నల్లగొండ, పాలమూరు ఆసుపత్రులకు ఏది పనికొస్తుంది

ఐసోలేషన్ గదికి కొటేషన్లు తెప్పించుకున్న నర్సింగ్ హోమ్‌కు వెళ్తే టేబుల్ మీద మూడు నాలుగు కాగితాలు కనబడతాయి. ఒకటి గోడకు బిగించే యూవీ ఫిక్స్చర్‌ది (క్రిములను చంపే అతినీలలోహిత కాంతి ఇచ్చే లైటు), ఒకటి చక్రాల మీద తోసుకెళ్ళే యూవీ ట్రాలీది, ఇంకొకటి గాలిని వడగట్టే హెపా మెషిన్‌ది. అన్నింటి మీదా ‘99.9 శాతం క్రిములు చస్తాయి’ అనే ఉంటుంది. ఎంతసేపటికి, ఎంత పెద్ద గదిలో, లోపల పేషెంటు ఉండగానా ఖాళీగా ఉన్నప్పుడా అన్నది మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు. చివరికి డాక్టరు గారు ధర చూసి సంతకం పెట్టేస్తారు.

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు చిన్న, మధ్యతరహా ఆసుపత్రులు నడిపేవాళ్ళ కోసం, వాటిలో పరికరాలు కొనే బాధ్యత నెత్తిన పడ్డవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బయటి గోడ ఉన్న గదికి మొదట ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. గాలి మారే దారి లేని గదికి, లేదా ఎండకో దోమలకో సగం ఏడాది కిటికీలు మూసుకునే గదికి, పైకప్పు కింది గాలిని శుద్ధి చేసే యూవీ మంచి పెట్టుబడి. అదీ దాన్ని తుడిచే మనిషి, కొలిచే మీటరు ఉంటేనే.

## ముందు జబ్బేదో తేల్చుకోండి

గాలిలో గంటల తరబడి తేలుతూ, గది ఆ చివర ఉన్నవాళ్ళకూ అంటుకునే జబ్బులు కొన్నే. టీబీ, తట్టు, ఆటలమ్మ అందులో ముఖ్యమైనవి. కోవిడ్ కూడా మూసిన గదుల్లో అలాగే పాకింది. డెంగీ, మలేరియా దోమ కుడితే వస్తాయి. వాంతులు, విరేచనాలు నీళ్ళ వల్ల, చేతుల వల్ల వస్తాయి. జ్వరాల సీజన్‌లో డెంగీ వార్డుకు యూవీ పెట్టిస్తే డబ్బు దండగ, ఆ డబ్బుతో కిటికీలకు జాలీలు కొట్టించుకోవచ్చు.

మన వైపు అసలు లెక్క టీబీదే. పాలమూరు నుంచి పనికోసం బొంబాయి, పూణె వెళ్ళి ఇరుకు గుడిసెల్లో పదిమంది పడుకుని వచ్చినవాళ్ళు, క్రషర్లలో రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైనవాళ్ళు మన ఓపీలకు వస్తూనే ఉంటారు. రాతి దుమ్ముతో దెబ్బతిన్న ఊపిరితిత్తులకు టీబీ తేలిగ్గా సోకుతుంది. ఒక మంచి సంగతి ఏమిటంటే, టీబీ బ్యాక్టీరియా, తట్టు వైరస్ రెండూ యూవీకి లొంగుతాయి. ఫంగస్ బీజాలు అంత తేలిగ్గా లొంగవు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటి ప్రశ్న: పేషెంటు లోపల ఉండగా పనిచేస్తుందా? దగ్గేది పేషెంటే కాబట్టి గాలిలోకి క్రిములు వచ్చేది ఆయన గదిలో ఉన్నప్పుడే. ఆయన వెళ్ళిపోయాక గదిని ఎంత శుద్ధి చేసినా లోపలికి వచ్చి ఇంజక్షన్ ఇచ్చిపోయిన సిస్టర్‌కు ఒరిగేదేమీ లేదు. ఈ ఒక్క ప్రశ్నతోనే సగం కొటేషన్లు పక్కకు పోతాయి.

రెండోది, గంటకు గది గాలి ఎన్నిసార్లు మారుతోంది లేదా మారినంత పని జరుగుతోంది. ఇక్కడ కాస్త లెక్క చేయాలి. 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున్న గది తీసుకుందాం. లోపల 1680 ఘనపుటడుగులు, అంటే దాదాపు 48 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. గాలి ద్వారా సోకే జబ్బుల గదిలో గంటకు 12 సార్లు గాలి మారాలని అమెరికా వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతుంది, పాత భవనాలకు కనీసం 6 అంటుంది. మన గదికి 12 సార్లంటే గంటకు సుమారు 570 ఘనపు మీటర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో విధంగా, ఒక్కో పేషెంటుకు సెకనుకు 160 లీటర్ల గాలి అంటుంది. గంటకు లెక్కేస్తే 576 ఘనపు మీటర్లు. ఒక్క మంచం గదికి రెండు లెక్కలూ దాదాపు ఒక్కచోటికే వచ్చాయి కాబట్టి 570ని గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఈ అంకె పేషెంటు ఖాళీ చేసిన తర్వాత కూడా అక్కరకొస్తుంది. గంటకు 12 సార్లు మారే గదిలో గాలిలోని క్రిములు 99 శాతం తగ్గడానికి 23 నిమిషాలు పడుతుంది. 6 సార్లయితే 46 నిమిషాలు. కిటికీలు మూసి 2 సార్లే మారే గదిలో 138 నిమిషాలు. మంచాలు చాలని రోజున ఈ తేడా అడ్మిషన్ కౌంటర్ దగ్గరే తెలుస్తుంది.

మూడోది, గాలి ఎటు పోతోంది. ఐసోలేషన్ గది గాలి కారిడార్‌లోకి రాకూడదు, కారిడార్ గాలే లోపలికి పోవాలి. నాలుగోది మన వాతావరణం: మే నెలలో నల్లగొండ ఎండ, వానాకాలం తేమ, మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊక దుమ్ము, దోమలు, లో ఓల్టేజీ. ఐదోది, రోజూ దాని బాగోగులు చూసే మనిషి ఎవరు. కొనేటప్పుడు ఎవరూ అడగని ప్రశ్న ఇదే, మెషిన్ మూలన పడేది కూడా దీని వల్లే.

## కిటికీలు, ఎగ్జాస్ట్ ఫ్యాన్

పాత సర్కారు దవాఖానల్లో ఎత్తైన కప్పు, ఎదురెదురు కిటికీలు, పైన వెంటిలేటర్లు ఉండేవి. ఎగతాళి చేయాల్సిన పాతకాలపు కట్టడం కాదది. పెరూ దేశంలోని లిమాలో ఆసుపత్రి గదుల గాలి కొలిచి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, తలుపులు, కిటికీలు అన్నీ తెరిస్తే గంటకు 28 సార్లు గాలి మారింది. 1950కి ముందు కట్టిన ఎత్తు కప్పుల భవనాల్లో 40 సార్ల దాకా పోయింది. మెషిన్‌తో గాలి పంపే కొత్త గదుల్లో మాత్రం 12.

అలాగని కిటికీ మీదే భరోసా పెట్టుకోలేం. వడగాడ్పు కొట్టే మధ్యాహ్నం పేషెంటు తరఫువాళ్ళే వచ్చి కిటికీ మూస్తారు. సాయంత్రం దోమలకు మూస్తారు, డిసెంబర్ రాత్రి చలికి మూస్తారు. దోమల జాలీ కూడా గాలిని బాగా తగ్గిస్తుంది, దుమ్ము పట్టిందంటే చెప్పక్కర్లేదు. కొత్త నర్సింగ్ హోమ్‌లలో ఇంకో చిక్కుంది. అల్యూమినియం, యూపీవీసీ స్లైడింగ్ కిటికీ పెడుతున్నారు. పూర్తిగా తెరిచామనుకున్నా ఒక అద్దం ఇంకో అద్దం వెనక్కి పోతుందే తప్ప తెరుచుకునేది సగమే. కట్టేటప్పుడే రెక్కల కిటికీ అడిగితే రెట్టింపు గాలి వస్తుంది.

అందుకే ఎగ్జాస్ట్ ఫ్యాన్. బాక్స్ మీద గంటకు ఎన్ని ఘనపు మీటర్లో రాసి ఉంటుంది. ఆ అంకె ఫ్యాన్‌ను అడ్డంకి లేకుండా తిప్పినప్పటిది. గోడలో బిగించి, గ్రిల్, జాలీ పెట్టాక తగ్గుతుంది. కాబట్టి 570 కావాలంటే బాక్స్ మీద కనీసం 900 నుంచి 1000 ఉన్నది తీసుకోవడం మేలు. దాన్ని తలుపుకు ఎదురుగా, పేషెంటు తల వైపు గోడకు పెట్టాలి. గాలి తలుపు కింది సందు నుంచి వచ్చి, గదిని దాటి, పేషెంటు మీదుగా బయటికి పోవాలి. తలుపు పక్కనే ఫ్యాన్ పెడితే గాలి తలుపు నుంచి ఫ్యాన్‌కు అడ్డదారిన పోతుంది, మంచం దగ్గరి గాలి అక్కడే ఉంటుంది. బయట ఆ గాలి వదిలే చోట ఓపీ లైను, టీ బండి, పక్కింటి కిటికీ ఉండకూడదు.

పనిచేస్తోందో లేదో చూడటానికి, గది ఖాళీగా ఉన్నప్పుడు, ఆక్సిజన్ పూర్తిగా బంద్ చేసి, తలుపు కింది సందు దగ్గర అగరుబత్తి పట్టుకోండి. పొగ గది లోపలికి లాక్కుపోవాలి. లోపల పేషెంటు ఉన్నా, ఆక్సిజన్ నడుస్తున్నా నిప్పు జోలికి పోవద్దు, పల్చటి టిష్యూ కాగితం వేలాడదీస్తే చాలు.

ఇక్కడే ఎండాకాలపు కూలర్ గురించి ఒక మాట. కిటికీలో పెట్టిన కూలర్ బయటి గాలిని ధారాళంగా తోస్తుంది, గాలి మారడం వరకు బ్రహ్మాండం. కానీ గదిలోకి అంత గాలి తోస్తే ఆ గాలి ఎక్కడికో పోవాలి కదా, తలుపు సందులోంచి కారిడార్‌లోకి వస్తుంది. టీబీ గదికి ఇంతకన్నా చెడ్డ ఏర్పాటు లేదు. కూలర్ పెట్టక తప్పదంటే దాని కన్నా ఎక్కువ గాలి లాగే ఎగ్జాస్ట్ ఉండాలి, లేదా బయటి వైపు ఇంకో కిటికీ తెరిచి తలుపు మూసి ఉంచాలి. స్ప్లిట్ ఏసీది ఇంకో కథ. అది ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది, బయటి గాలి చుక్క కూడా తేదు. ఐసోలేషన్ గదిలో స్ప్లిట్ ఏసీ వేసి కిటికీలు మూసేస్తే పేషెంటు దగ్గిందంతా గది నిండా తిరుగుతూనే ఉంటుంది.

## పై గాలికి యూవీ

ఇందులో లైటు గోడకు 7 అడుగుల పైన బిగిస్తారు. దాని వెలుగు పైకప్పు కింద ఉన్న గాలి మీదుగానే అడ్డంగా పోతుంది, కింద మంచం మీద ఉన్నవాళ్ళ మీద పడదు. పేషెంటు వదిలిన వెచ్చని గాలి పైకి లేస్తుంది, ఫ్యాన్ దాన్ని కలుపుతుంది, పైకి వెళ్ళిన క్రిములకు 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న యూవీ తగిలి వాటి జన్యువులు దెబ్బతింటాయి. 24 గంటలూ, లోపల మనుషులు ఉండగానే పనిచేస్తుంది. నిజానికి ఇది కొత్తదేమీ కాదు. 1930లలోనే విలియం వెల్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఫిలడెల్ఫియా చుట్టుపక్కల బడులలో ఇలాంటి లైట్లు పెట్టించి తట్టు ఎంత తగ్గుతుందో గమనించాడు.

టీబీ మీద దీని బలానికి గట్టి రుజువులు రెండున్నాయి. రెండింటిలోనూ టీబీ వార్డు గాలిని గినీ పందుల గదుల్లోకి పంపి, ఎన్నింటికి సోకిందో లెక్కపెట్టారు. లిమాలో 2009లో ప్రచురించిన ప్రయోగంలో యూవీ లేని గాలి పీల్చిన వాటిలో 35 శాతానికి సోకితే, యూవీ ఉన్న గాలితో 9.5 శాతానికే సోకింది. దక్షిణాఫ్రికాలో 2015లో వచ్చిన ప్రయోగంలో సోకడం 80 శాతం తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 టీబీ మార్గదర్శకాల్లో కూడా దీన్ని సిఫారసు చేసింది. అయితే మంచం పక్కన నిలబడి ముఖాముఖి మాట్లాడే డాక్టరును ఏ యూవీ కూడా కాపాడదు. ఎన్95 మాస్కు తప్పదు.

కొనేటప్పుడు అందరూ చేసే పొరపాటు ట్యూబ్ వాట్లు చూడటం. పాత లెక్కలో 18 చదరపు మీటర్లకు ఒక 30 వాట్ల ట్యూబ్ అనేవాళ్ళు. కానీ కప్పు తక్కువ ఎత్తున్న గదులకు పెట్టే ఫిక్స్చర్‌లో ముందు నల్లటి రెక్కలుంటాయి, వెలుగు కిందికి రాకుండా. ట్యూబ్ నుంచి వచ్చే యూవీలో పెద్ద భాగాన్ని ఆ రెక్కలే మింగేస్తాయి. దక్షిణాఫ్రికా ప్రయోగం తర్వాత వచ్చిన లెక్క దీనికన్నా నయం: గదిలో ప్రతి ఘనపు మీటరుకు, ఫిక్స్చర్ నుంచి బయటికి వచ్చే యూవీ 15 నుంచి 20 మిల్లీవాట్లు ఉండాలి. మన 48 ఘనపు మీటర్ల గదికి 720 నుంచి 960 మిల్లీవాట్లు. కంపెనీ మనిషిని ‘ట్యూబ్ వాట్లు కాదన్నా, ఫిక్స్చర్ బయట యూవీ ఎంత?’ అని అడగండి. ల్యాబ్ రిపోర్టు తీసిస్తే మాట్లాడండి. ‘సార్, హెవీ డ్యూటీ సార్’ అంటే టీ తాగించి పంపించేయండి.

కప్పు ఎత్తు కనీసం 8 అడుగులు ఉండాలి, 9 దాటితే ఇంకా మంచిది. ఫాల్స్ సీలింగ్ కిందికి దించుకున్న గదులకు ఇక్కడే ఇబ్బంది. గాలి కలవడానికి సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతూ ఉండాలి. ఫ్యాన్ ఆపితే యూవీ పైన, క్రిములు కింద, దేని దారి దానిదే. కానీ ఆ ఫ్యాన్ రెక్కలే చిక్కు తేవచ్చు. అల్యూమినియం యూవీని బాగా తిప్పికొడుతుంది, ఆ వెలుగు కిందికి పడే అవకాశం ఉంది. అందుకే కొలతలు ఫ్యాన్ తిరుగుతుండగా తీయించాలి. నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో, గదిలో నాలుగైదు చోట్ల, చదరపు సెంటీమీటరుకు 0.2 మైక్రోవాట్లు మించకూడదు. ఇది 8 గంటల పాటు ఉన్నా కంటికి, చర్మానికి హాని చేయని హద్దు. పైన మాత్రం సగటున 30 నుంచి 50 ఉండాలి. ఈ రెండు అంకెలూ చూపించే మీటరు 254 నానోమీటర్లకు క్యాలిబ్రేట్ చేసినదై ఉండాలి.

హద్దు దాటితే ఏమవుతుందో వెల్డింగ్ షాపుల వాళ్ళను అడగండి. పగలు ఏమీ తెలియదు, రాత్రికి కళ్ళలో ఇసుక పడ్డట్టు గీసుకుపోతుంది, నీళ్ళు కారతాయి. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది కానీ, డ్యూటీలో ఉన్న సిస్టర్‌కు ఒక్కసారి అలా అయిందంటే ఆ లైటును మళ్ళీ ఎవరూ వేయనివ్వరు.

తేమ గురించి కూడా చెప్పాలి. గాలిలో తేమ 60, 70 శాతం దాటితే యూవీ పని తగ్గుతుంది. మన ఎండాకాలం పొడి కాబట్టి ఇబ్బంది లేదు, కానీ జూలై నుంచి సెప్టెంబర్ దాకా, గది లోపలే కూలర్ తిప్పే రోజుల్లో, తేమ ఆ హద్దు దాటుతుంది. అందుకని లెక్కలో 15 దగ్గర ఆగకుండా 20 వైపు తీసుకోండి.

మెయింటెనెన్స్ మాటకొస్తే, ట్యూబ్ నీలంగా వెలుగుతోందంటే పనిచేస్తోందని అర్థం కాదు. కంటికి కనబడే నీలం వేరు, క్రిమిని చంపే యూవీ వేరు. నీలం అలాగే ఉంటూ యూవీ సగానికి పడిపోవచ్చు. మామూలుగా 9000 గంటలు వాడవచ్చు, నిరంతరం వేస్తే 375 రోజులు. ఏడాదికోసారి మార్చడమని పెట్టుకుంటే సరి. బిగించిన తేదీ మార్కర్‌తో ఫిక్స్చర్ మీదే రాయించండి. నెలకోసారి ఆర్పేసి, చల్లారాక, చేతికి గ్లవ్స్ వేసుకుని స్పిరిట్ తడిపిన మెత్తటి గుడ్డతో తుడవాలి. క్రషర్లు, రైస్ మిల్లులు దగ్గరున్న చోట పదిహేను రోజులకోసారి. ఉత్త చేతులతో ముట్టుకుంటే జిడ్డు మరక పడి అక్కడ వెలుగు తగ్గుతుంది. కరెంటు పెద్ద భారమేమీ కాదు. మొత్తం 60 వాట్లు తీసుకున్నా రోజుకు ఒకటిన్నర యూనిట్ లోపే, ఇన్వర్టర్ మీద హాయిగా నడుస్తుంది.

## హెపా మెషిన్

ఇది గాలిని వడగడుతుంది. గోడ పగలగొట్టాల్సిన పని లేదు, ప్లగ్ పెడితే చాలు, అద్దె భవనంలో ఉన్నవాళ్ళకు ఇదే సుఖం. చూడాల్సిన అంకె గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందన్నది. బ్రోచర్‌లో సీఏడీఆర్ అని ఉంటుంది. 300 ఉన్న మెషిన్ మన గదికి 6 సార్ల మార్పు ఇస్తుంది. 12 కావాలంటే ఇలాంటివి రెండు.

మర్మం ఏమిటంటే ఆ 300 ఫుల్ స్పీడులో. ఫుల్ స్పీడులో అది చేసే చప్పుడుకు రాత్రి పేషెంటుకు నిద్ర పట్టదు, పక్కనున్న వాళ్ళు తగ్గించేస్తారు. తగ్గిస్తే గాలి సగానికి పడిపోతుంది. కాబట్టి మధ్యస్థం స్పీడులో ఎంతిస్తుందో అడిగి, దాన్నే లెక్కకు తీసుకోండి. మంచం వెనక మూలన తోసేయకుండా పేషెంటు తల దగ్గర, గాలి లాగే వైపు అడ్డు లేకుండా ఉంచాలి. ముందున్న జాలీ లాంటి ప్రీ ఫిల్టర్‌ను వారానికోసారి కడగాలి, లేకపోతే ఖరీదైన ఫిల్టర్ నెలల్లోనే మూసుకుపోతుంది. ఫిల్టర్ మార్చేవాళ్ళు ఎన్95, గ్లవ్స్ వేసుకోవాలి, పాతదాన్ని ఆసుపత్రి వ్యర్థాల్లోనే వేయాలి.

మెషిన్ లోపలే చిన్న యూవీ లైటు ఉందని ఎక్కువ ధర చెబితే ఒప్పుకోవద్దు. గాలి ఆ లైటు ముందు నుంచి క్షణంలో దాటిపోతుంది, పని చేసేది ఫిల్టరే. ఓజోన్ వదిలే మెషిన్ అసలే వద్దు, అది ఊపిరితిత్తులకే చెరుపు. ఇంకో సంగతి: గదిలో గాలిని గదిలోనే తిప్పే హెపాతో కారిడార్ వైపు గాలి రావడం ఆగదు. కొన్ని మోడళ్ళకు వెనక పైపు తగిలించి కిటికీ నుంచి బయటికి వదిలే వీలుంటుంది. అది దొరికితే ఎగ్జాస్ట్ పని, ఫిల్టర్ పని రెండూ ఒకేసారి అవుతాయి.

## ట్రాలీ, రోబో, గోడకు బిగించిన ఉత్త ట్యూబ్

ఇవి ఖాళీ గదికే. పేషెంటు డిశ్చార్జి అయ్యాక మంచం, బల్ల, గోడల పైభాగాలకు పనికొస్తాయి, అదీ తడిగుడ్డతో శుభ్రం చేసిన తర్వాత. వెలుగు పడని చోట, మంచం కింద, పరుపు మడతల్లో క్రిములకు ఏమీ కాదు. ఐసోలేషన్ గదిలో గాలి కోసమని ఇది కొంటే అసలు పని మిగిలిపోతుంది.

ఉత్త ట్యూబ్ అయితే ప్రమాదం కూడా. మామూలు ట్యూబ్‌లైట్ పట్టీలోనే యూవీ ట్యూబ్ బిగించి, దాని స్విచ్ ఫ్యాన్ స్విచ్ పక్కనే పెట్టిన గదులు ఉంటాయి. రాత్రి ఆయమ్మ బెడ్‌లైట్ అనుకుని వేసిందనుకోండి, పేషెంటు, అటెండెంట్ ఇద్దరూ తెల్లవారేదాకా ఆ వెలుగు కిందే. ఇలాంటిది మీ దగ్గర ఉంటే ఈ రోజే స్విచ్ బయటికి మార్పించి, తాళం ఉన్న స్విచ్ పెట్టి, తలుపు తెరిస్తే ఆరిపోయేలా చేయించండి. స్విచ్ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి, ఇంగ్లీషు స్టిక్కర్ ఒక్కటే ఉంటే చదివేవాళ్ళు తక్కువ.

## డక్ట్ యూవీ, 222 నానోమీటర్ల లైట్లు

డక్ట్ యూవీ అంటే ఏసీ గాలి పోయే గొట్టంలో పెట్టే లైటు, సెంట్రల్ ఏసీ ఉన్న పెద్ద భవనాలకు. అక్కడ గాలి తిరిగి గదుల్లోకి వస్తుంది కాబట్టి దారిలో శుద్ధి చేయడం మంచిదే. కానీ అది ఇతర గదులను కాపాడుతుంది, ఐసోలేషన్ గదిలో ఉన్నవాళ్ళను కాదు. స్ప్లిట్ ఏసీలో పెట్టే చిన్న యూవీ లైటు ఏసీ కాయిల్ మీద బూజు పట్టకుండా చూస్తుంది, అంతే.

222 నానోమీటర్ల యూవీ లైట్ల వెలుగు చర్మం లోపలికి, కంటి లోపలికి అంతగా చొచ్చుకుపోదు. అందుకే మనుషులున్న గదిలోనే కిందికి వేయవచ్చన్న ఆశ ఉంది. ధర ఎక్కువ, లైట్ల జీవితకాలం తక్కువ, గాలి మారని గదిలో కొద్దిగా ఓజోన్ పుట్టిస్తాయి. జిల్లా స్థాయి ఆసుపత్రికి ఇప్పుడే తొందర లేదు. ఊదా రంగు ఎల్ఈడీ పట్టీలను యూవీ అని అమ్మేవాళ్ళూ ఉన్నారు. 395 నానోమీటర్లని రాసుంటే అది అలంకారానికే.

## ఒక్క చూపులో

| మార్గం | పేషెంటు ఉండగా | గాలి బయటికి పోతుందా | తేమ, దుమ్ము, ఎండ | కరెంటు పోతే | చాకిరీ | మొదటి ఖర్చు |
|---|---|---|---|---|---|---|
| కిటికీలు | ఔను | గాలివాటం | ఎండకు, దోమలకు మూసేస్తారు | నడుస్తుంది | జాలీ కడగడం | చాలా తక్కువ |
| ఎగ్జాస్ట్ ఫ్యాన్ | ఔను | ఔను | పెద్ద ఇబ్బంది లేదు | ఇన్వర్టర్ కావాలి | రెక్కలు తుడవడం | తక్కువ |
| పై గాలి యూవీ | ఔను | కాదు | తేమకు తగ్గుతుంది | ఇన్వర్టర్ చాలు | తుడవడం, కొలవడం, ఏటా ట్యూబ్ | మధ్యస్థం నుంచి ఎక్కువ |
| హెపా మెషిన్ | ఔను | పైపు ఉంటేనే | దుమ్ముకు మూసుకుపోతుంది | ఇన్వర్టర్ కావాలి | కడగడం, ఖరీదైన ఫిల్టర్ | మధ్యస్థం |
| ట్రాలీ, ఉత్త ట్యూబ్ | కాదు | కాదు | నీడలో పనిచేయదు | ఆగుతుంది | మనిషి కాపలా | మధ్యస్థం నుంచి చాలా ఎక్కువ |
| డక్ట్ యూవీ | ఔను, ఇతర గదులకు | ఏసీని బట్టి | పెద్ద ఇబ్బంది లేదు | ఏసీతో పాటే | ట్యూబ్, కాయిల్ | ఎక్కువ |

## మీ గది ఎలాంటిది?

పాత సర్కారు భవనం, ఎత్తు కప్పు, వరండా. ముందు రంగు పూసి బిగుసుకుపోయిన వెంటిలేటర్లను తెరిపించండి. చాలా చోట్ల వాటిని కార్డుబోర్డుతో కొట్టేసి ఉంటారు. ఎగ్జాస్ట్ ఒకటి పెట్టండి. కప్పు ఎత్తు ఉంది కాబట్టి ఆ తర్వాత డబ్బుంటే పై గాలి యూవీకి ఇంతకన్నా అనువైన గది దొరకదు. నలుగురైదుగురు టీబీ పేషెంట్లను కలిపి ఉంచే వార్డయితే ఇంకా మంచిది.

షాపింగ్ కాంప్లెక్స్ రెండో అంతస్తులో నర్సింగ్ హోమ్. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ బజార్లలో ఎక్కువ ఇలాంటివే. మూడు వైపులా గోడలు, నాలుగో వైపు కారిడార్. వీలుంటే ఐసోలేషన్‌ను బయటి గోడ ఉన్న గదికి మార్చండి, ఒక్క గోడ రంధ్రం లక్షల రూపాయల మెషిన్ కన్నా నయం. అది కుదరనప్పుడే పై గాలి యూవీ. కప్పు 8 అడుగులకు తక్కువైతే యూవీ మానేసి హెపా రెండు మెషిన్లు పెట్టండి.

ఓపీ, ఎక్స్‌రే ముందు వెయిటింగ్ హాలు. ఇది ఐసోలేషన్ కాదు కానీ నా దృష్టిలో దానికన్నా ముఖ్యం. ఐసోలేషన్‌లో ఉన్నవాళ్ళకు జబ్బేదో తెలుసు, మందులు మొదలయ్యాయి. టీబీ మందులు సరిగా పడ్డాక అంటించే గుణం త్వరగా తగ్గుతుంది. ఇంకా పరీక్షే చేయని మనిషి దగ్గుతూ యాభై మంది మధ్య కూర్చునేది ఈ హాల్లోనే. యూవీకి ఒక్క ఫిక్స్చర్ డబ్బులే ఉంటే నేనైతే ఇక్కడ పెడతాను.

ప్రైమరీ హెల్త్ సెంటర్. కళ్ళె పరీక్షకు గది, యూవీ అంటూ ఏమీ వద్దు. ఆరుబయట, చెట్టు నీడన, జనానికి దూరంగా కళ్ళె తీసుకోవడమే అన్నిటికన్నా భద్రం.

ఇంట్లో టీబీ పేషెంటు ఉన్నవాళ్ళు. ఆన్‌లైన్‌లో కనబడే చిన్న యూవీ దీపాలు కొనకండి. కిటికీ ఉన్న గది, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ, మందులు ఒక్క రోజూ తప్పకుండా. మందులు సర్కారు దవాఖానలో ఉచితంగా ఇస్తారు. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళకూ పరీక్ష చేయించండి.

## ఆర్డర్ ఇచ్చే ముందు

పై గాలి యూవీ దాకా వచ్చినవాళ్ళు ఆర్డర్ కాగితంలో ఇవి రాయించుకోండి: ఫిక్స్చర్ నుంచి బయటికి వచ్చే యూవీ మిల్లీవాట్లలో, ల్యాబ్ రిపోర్టుతో, ట్యూబ్ ఓజోన్ పుట్టించని రకమని, బ్యాలస్ట్ (ట్యూబ్‌ను వెలిగించే చోక్) తక్కువ ఓల్టేజీని తట్టుకుంటుందని, విడి ట్యూబ్‌లు హైదరాబాద్‌లో దొరుకుతాయని, వచ్చే రెండేళ్ళ ధర ఎంతో. బిగించే గదిలో పీవీసీ సీలింగ్, ప్లాస్టిక్ పైపులు పైన ఉంటే యూవీకి అవి పసుపెక్కి పెళుసుబారతాయని ముందే తెలుసుకోండి. పై గోడలకు మెరిసే పెయింట్ వద్దు.

ఈ ట్యూబ్‌లలో పాదరసం ఉంటుంది. పగిలితే అందరినీ బయటికి పంపి కిటికీలు తెరిచి, చీపురుతో ఊడవకుండా గట్టి అట్టముక్కతో ఎత్తి మూత ఉన్న డబ్బాలో వేయించాలి. పాత ట్యూబ్‌లు వెనక్కి తీసుకుంటామని కంపెనీ చేతే రాయించండి.

డబ్బు మాత్రం మొత్తం ఒకేసారి ఇవ్వకండి. పావు వంతు ఆపి ఉంచండి. కంపెనీ మనిషి మీటరు తెచ్చి, ఫ్యాన్ వేసి, మీ సిస్టర్ ఎదురుగా కంటి ఎత్తులో, మంచం దగ్గర, పై గాలిలో కొలిచి, అంకెలు రాసి, సంతకం పెట్టిన రోజున మిగతాది ఇవ్వండి. అదే కొలత ట్యూబ్ మార్చిన ప్రతిసారీ, ఏడాదికోసారి తీస్తామని కాంట్రాక్టులో ఉండాలి.